అష్టమి నాడే బయల్దేరండి: సముద్రం పక్కన పాత డీజిల్ రైళ్ల ఫొటోలకు కుటుంబంతో ఒక రోజు

వెస్ట్ సోమర్సెట్ రైల్వే చూసొచ్చినవాళ్ల ఫొటోల్లో ఇంజన్ ఉంటుంది, పిల్లలుంటారు, ఆకాశం ఉంటుంది. సముద్రం ఉండాల్సిన చోట మాత్రం కనుచూపు మేర గోధుమరంగు బురద ఉంటుంది. తప్పు కెమెరాది కాదు, తిథిది. ఈ తీరంలో ఫొటోలో నీళ్లు పడతాయా లేదా అన్నది రైల్వే టైంటేబుల్ కంటే ముందు చంద్రుడు తేలుస్తాడు. అందుకే ఈ మార్గదర్శి కెమెరాతో కాకుండా క్యాలెండర్‌తో మొదలవుతోంది.

ముందు చోటు గురించి నాలుగు మాటలు. ఇంగ్లండ్ నైరుతి వైపు, బ్రిస్టల్ ఛానల్ ఒడ్డున, బిషప్స్ లిడియర్డ్ నుంచి మైన్‌హెడ్ దాకా 20 మైళ్ల సింగిల్ లైన్ ఇది. వాచెట్ రేవు దాకా 1862లో, మైన్‌హెడ్ దాకా 1874లో వేశారు. 1971 జనవరిలో బ్రిటిష్ రైల్ మూసేసింది. 1976లో మైన్‌హెడ్–బ్లూ ఏంకర్ ముక్కతో మళ్లీ మొదలై, 1979కి బిషప్స్ లిడియర్డ్ చేరింది. మామూలు రోజుల్లో ఆవిరి ఇంజన్లదే రాజ్యం. డీజిళ్లకి ప్రత్యేకంగా గాలా అనే ఉత్సవం పెడతారు, సాధారణంగా జూన్ ప్రాంతంలో. ఆ రోజుల్లో నాలుగైదు రకాల పాత డీజిళ్లు ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. బ్రిస్టల్, కార్డిఫ్, రెడింగ్, లండన్ వైపు ఉన్న తెలుగు కుటుంబాలకు పొద్దున్నే లేస్తే ఒక్క రోజులో అయిపోయే ప్రయాణమే.

మెట్టు 1: తేదీ — టైంటేబుల్, తిథి, ఎండ

విశాఖ బీచ్‌లో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. అందుకే మనకి ఆటుపోట్లు చూసుకుని బీచ్‌కి వెళ్లే అలవాటు లేదు. బ్రిస్టల్ ఛానల్ అలాంటిది కాదు. ప్రపంచంలోనే అతి పెద్ద ఆటుపోట్లు వచ్చే చోట్లలో ఇదొకటి. గరాటులా సన్నబడుతూ పోయే సముద్రపు పాయ కావడంతో లోపలికి తోసుకొచ్చిన నీరు పైకి లేస్తుంది. మైన్‌హెడ్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో తేడా సుమారు 10 మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత. పాటు సమయానికి నీరు అంత దూరం వెనక్కి పోతే మిగిలేది బురదే.

ఇక్కడి లెక్క చక్కగా పంచాంగంతో కలుస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకీ పెద్ద పోట్లు. అవి ఈ తీరంలో వేసవి గడియారం ప్రకారం పొద్దున ఏడు–తొమ్మిది మధ్య, మళ్లీ సాయంత్రం ఏడు–తొమ్మిది మధ్య వస్తాయి. అంటే మధ్యాహ్నం ఒకటి, రెండు గంటలకి, సరిగ్గా మీరు టిఫిన్ డబ్బాలు విప్పి కూర్చునే వేళకి, సముద్రం మాయం. అష్టమి, నవమి దగ్గర ఇదంతా తలకిందులు: చిన్న పోటు, కానీ అది మధ్యాహ్నం పన్నెండు–రెండు మధ్య వస్తుంది. నీళ్లు గట్టు గోడ దాకా రావు, అయినా బురదని చాలావరకు కప్పేస్తాయి. ఫొటోకి అది చాలు. అష్టమి కష్టం, నవమి నష్టం అని ఇంట్లో పెద్దవాళ్లు అనొచ్చు. ఈ ఒక్క ప్రయాణానికి ఆ మాట పక్కన పెట్టండి.

ఇండియా పంచాంగంలో తిథి మారే సమయం భారత కాలమానంలో ఉంటుంది, అందులోంచి నాలుగున్నర గంటలు తీసేస్తే బ్రిటన్ వేసవి సమయం. ఇదంతా నెలల ముందు రోజు ఎంచుకోడానికి. వెళ్లే వారంలో మాత్రం మైన్‌హెడ్ పేరు మీద అచ్చమైన పోటు పట్టిక చూడాల్సిందే. బ్రిటన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వాళ్ల ఈజీటైడ్‌లో దగ్గరి రోజులవి ఉచితంగానే దొరుకుతాయి. చాలామంది బోల్తా పడేది ఒక్క చోట: కొన్ని పట్టికలు జూన్‌లో కూడా గ్రీనిచ్ సమయంలోనే ఉంటాయి. పట్టిక తలకట్టులో ఏ సమయమో చదివి, గ్రీనిచ్ అయితే ఒక గంట కలపండి.

నీరు నిండాక గంట సేపు పెద్దగా కదలదు. వేగంగా దిగేది మూడో గంటా నాలుగో గంటా. కాబట్టి పోటు సమయానికి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా, మొత్తం మూడు గంటలు మీ సముద్రపు ఫొటోల సమయం. ఈ మూడు గంటల్లో మీకు నచ్చిన ఇంజన్ తీరం వైపు కనీసం రెండుసార్లు వస్తుందో లేదో గాలా టైంటేబుల్‌లో చూసుకోండి. రాకపోతే గాలాలో ఇంకో రోజు చూడండి. సాధారణంగా ఒకటికంటే ఎక్కువ రోజులే పెడతారు.

మూడోది ఎండ. బ్లూ ఏంకర్ దగ్గర పట్టాలు దాదాపు తూర్పు–పడమరగా ఉంటాయి, సముద్రం ఉత్తరాన. సూర్యుడు దక్షిణాన. అంటే నేల వైపు నిలబడితే వెలుగు మీ వీపు మీద, రైలు మొహం మీద. బీచ్ వైపు నిలబడితే ఎండ మీ కళ్లలో, రైలు పక్కభాగం నల్లగా. అయితే జూన్ నెలకి ఒక వెసులుబాటుంది: పొద్దున ఎనిమిదిన్నర లోపూ సాయంత్రం ఆరు తర్వాతా సూర్యుడు తూర్పు–పడమర గీత దాటి ఉత్తరం వైపు ఉంటాడు. అప్పుడు బీచ్ వైపు నుంచే వెలుగు బాగుంటుంది, అదీ పసుపు కలిసిన ఏటవాలు వెలుగు. చీకటి పడేది తొమ్మిదిన్నరకి. సాయంత్రం రైళ్లు నడిపే గాలా అయితే పౌర్ణమి దగ్గరి రోజు కూడా పనికొస్తుంది: సాయంత్రం పోటు, సాయంత్రం ఎండ. కానీ చిన్నపిల్లలతో, రెండు మూడు గంటల డ్రైవింగ్ వెనక్కి పెట్టుకుని తొమ్మిది దాకా ఉండటం అందరివల్లా కాదు. ఇంట్లో పదేళ్లలోపు వాళ్లుంటే అష్టమే మేలు.

మెట్టు 2: ఏ ఇంజన్ వస్తోందో తెలుసుకోండి

గాలాకి ముందు ఏ ఇంజన్లు వస్తున్నాయో రైల్వేవాళ్లు ప్రకటిస్తారు. ఆ పేర్లు కొంచెం అర్థమైతే ఎక్కడ నిలబడాలో కూడా అర్థమవుతుంది.

మన కాజీపేట, గుత్తి షెడ్ల ఆల్కోలు చూసి పెరిగినవాళ్లకి డీజిల్ ఇంజన్ అంటే డీజిల్–ఎలక్ట్రికే: ఇంజన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటు చక్రాల మోటార్లని తిప్పుతుంది. బ్రిటిష్ రైల్ పశ్చిమ విభాగం మాత్రం 1950ల చివర్లో వేరే దారి పట్టింది. జర్మన్ పద్ధతిలో ఆయిల్ ప్రవాహంతో శక్తిని చక్రాలకి చేర్చే డీజిల్–హైడ్రాలిక్‌లు కొన్నది. అందులో హైమెక్ రకం 1961–64 మధ్య 101 తయారయ్యాయి, 1,700 గుర్రపు శక్తి. ఇప్పుడు మిగిలినవి నాలుగే. డి7017, డి7018 అనే రెండిటిని ఈ లైన్ మీదే ఉన్న విలిటన్ స్టేషన్‌లో పనిచేసే డీజిల్ అండ్ ఎలక్ట్రిక్ ప్రిజర్వేషన్ గ్రూపే కాపాడింది. ఈ లైన్ మీద హైమెక్ ఫొటో తీయడమంటే దాన్ని దాని పుట్టింటి వాకిట్లో తీయడమే. ఆ కుటుంబంలోనే పెద్దది వెస్టర్న్ రకం: 74 తయారయ్యాయి, రెండు మేబాక్ ఇంజన్లు కలిపి 2,700 గుర్రపు శక్తి. 1977 ఫిబ్రవరికల్లా మామూలు సర్వీసులోంచి తప్పించారు, ఏడు మిగిలాయి.

అతిథులుగా వచ్చేవాటిలో క్లాస్ 37, 47, 50, 20 లాంటివి ఉంటాయి. క్లాస్ 20 అయితే ఒకటి గుర్తుంచుకోండి: దానికి డ్రైవర్ గది ఒక చివరే. రెండింటిని ముక్కుకి ముక్కు ఆనించి జోడు కడితే ఎటు నుంచి తీసినా గది మొహమే వస్తుంది. ఒంటరిగా వస్తే ఒక దిశలో పొడవాటి ముక్కు, తిరుగు దిశలో గది. మీకు ఏది కావాలో దాన్నిబట్టి ఆ దిశ రైలు ఎంచుకోవాలి. మిగతా పెద్ద ఇంజన్లన్నిటికీ రెండు చివర్లా గదులుంటాయి కాబట్టి ఈ బెడద లేదు.

పిల్లలకి ఒక పని: చిన్న నోటుబుక్కు, పెన్సిల్ ఇచ్చి కనిపించిన ప్రతి ఇంజన్ నంబరూ రాయించండి. 1970ల ముందటి నంబర్లు ‘డి’ అక్షరంతో మొదలవుతాయి, ఆ తర్వాతవి ఐదంకెలు. డి9000 తర్వాత 55022 అయింది, రెండూ ఒకే ఇంజన్. హైమెక్‌లకీ వెస్టర్న్‌లకీ మాత్రం ఐదంకెల నంబరు వేయకముందే కాలం చెల్లింది. ఎందుకో ఊహించమనండి, గేటు దగ్గర అరగంట గడిచిపోతుంది.

మెట్టు 3: సంచి సర్దడం

కెమెరా ఉంటే 24–70 లాంటి మామూలు జూమ్ ఒకటి, 70–200 లాంటి టెలి ఒకటి చాలు. లెన్సులు మార్చడం తగ్గించండి. ఈ గాలిలో ఉప్పు తుంపర, సన్న ఇసుక రెండూ ఉంటాయి. బ్యాటరీలు రెండు, 64 జీబీ కార్డులు రెండు, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డలు మూడు (ఒకటి ఉప్పు పట్టాక దానితో తుడిస్తే గీతలు పడతాయి, అందుకే మూడు), నీటి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి. ట్రైపాడ్ వద్దు. ప్లాట్‌ఫామ్ మీద అడ్డం, గాలికి వణుకుతుంది, పిల్లలు తన్నేస్తారు.

ఫోనే కెమెరా అయితే పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, ముందురోజే ఖాళీ చేసిన మెమరీ.

జూన్ అయినా ఇక్కడ గాలి చలిగానే ఉంటుంది. ఎండలో 18 డిగ్రీలున్నా గట్టు మీద నిలబడితే ఒణుకొస్తుంది. ఒక్కొక్కరికి పల్చటి రెయిన్ జాకెట్, లోపల స్వెటర్, సన్‌స్క్రీన్. ఐదేళ్ల లోపు పిల్లలకి చెవులు మూసే ఇయర్ డిఫెండర్లు తప్పనిసరి. పక్కనే పెద్ద డీజిల్ ఒక్కసారిగా పవర్ పెంచితే పిల్లలు బెదిరిపోతారు, ఆ తర్వాత రోజంతా ఇంజన్ దగ్గరికి రామంటారు.

తిండి: పులిహోర, దద్దోజనం ఇలాంటి ప్రయాణాలకే పుట్టాయి. నలుగురికి ముప్పావు కిలో బియ్యం పులిహోర సాయంత్రం దాకా సరిపోతుంది. మూతలున్న డబ్బాల్లో పెట్టండి, అరిటాకు సరదాలు వద్దు. వాచెట్, మైన్‌హెడ్ రెండు చోట్లా సీగల్స్ మీ చేతిలోంచే లాక్కుపోతాయి, వెనకనుంచి వచ్చి మరీ. గోడకి వీపు ఆనించి కూర్చుంటే అవి దిగలేవు.

మెట్టు 4: చేరుకోవడం, టికెట్

కారులో అయితే ఎం5 మోటర్‌వే 25వ జంక్షన్ దిగి, ఏ358 మీద బిషప్స్ లిడియర్డ్. రైల్లో అయితే టాంటన్ దాకా వచ్చి, అక్కడినుంచి బస్సు. గాలా రోజుల్లో రోజంతా ఎక్కిదిగే రోవర్ టికెట్ ఉంటే అదే తీసుకోండి, ముందే ఆన్‌లైన్‌లో. విడివిడి టికెట్లతో ఈ ప్లాన్ నడవదు.

కారు బిషప్స్ లిడియర్డ్‌లో వదిలేసి రైలెక్కడమే మంచిది. కారుతో రైలుని వెంబడించే ఆలోచన పెట్టుకోకండి. మ్యాప్‌లో వాచెట్ నుంచి బ్లూ ఏంకర్‌కి తీరం వెంట బి3191 రోడ్డు దగ్గరగా కనిపిస్తుంది కానీ, కొండచరియ కోతకి గురై వాచెట్ శివార్లలో ఆ రోడ్డు 2023లో మూతపడింది. ఏ39 మీదుగా చుట్టు తిరిగేలోపు రైలు దాటిపోతుంది. కారులో ఉన్నవాళ్లు రైలుని చూడరు, రోడ్డునే చూస్తారు.

మైన్‌హెడ్ వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీట్లు పట్టండి. డానిఫర్డ్ హాల్ట్ నుంచి సముద్రం ఆ వైపే. పాత మార్క్ 1 పెట్టెల తలుపు కిటికీలు కిందికి జారతాయి. తల గానీ చెయ్యి గానీ ఫోను గానీ బయట పెట్టకూడదు. కొమ్మలూ, వంతెనల స్తంభాలూ, ఎదురొచ్చే రైలూ అన్నీ మీరనుకున్నదానికంటే దగ్గరగా ఉంటాయి. బాత్రూం అవసరాలు రైల్లోనే తీర్చుకోండి, చిన్న స్టేషన్లలో వెతుక్కునే పని ఉండదు.

మెట్టు 5: ఎక్కడ నిలబడాలి

ఇక్కడే చాలామంది తెలియక తప్పు చేసే ఒక లెక్కుంది. సముద్రపు క్షితిజరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు పట్టాల ఎత్తులో నిలబడితే మీ కన్ను సుమారు 1.6 మీటర్ల పైన. అంటే ఫొటోలో సముద్రపు గీత రైలు పక్కభాగంలో 1.6 మీటర్ల దగ్గర తగులుతుంది, అక్కడ రైలే అడ్డం ఉంది కాబట్టి నీళ్లు కనిపించవు. రైలు ఎత్తు దాదాపు 3.9 మీటర్లు. రైలు పైకప్పు వెనక నీలం గీత కనపడాలంటే మీ కన్ను పట్టాలకి నాలుగు మీటర్ల కంటే పైన ఉండాలి. ఒంగి, మోకాళ్ల మీద కూర్చుని తీసే ‘గొప్ప’ కోణం ఇక్కడ సముద్రాన్ని పూర్తిగా చంపేస్తుంది.

కాబట్టి రెండే మార్గాలు. ఒకటి, ఎత్తు ఎక్కండి: పట్టాల కంటే పైన ఉన్న పబ్లిక్ ఫుట్‌పాత్, ఫుట్‌బ్రిడ్జ్. రెండు, రైలుకి అడ్డంగా కాకుండా పట్టాల వెంట చూసేలా నిలబడండి. అప్పుడు ఫ్రేములో ఒక పక్క రైలు, ఇంకో పక్క నీళ్లు వస్తాయి. ఒకదాన్నొకటి కప్పుకోవు.

వాచెట్–డానిఫర్డ్ మధ్య హెల్‌వెల్ బే దగ్గర పట్టాలు సముద్రానికి ఆనుకుని కొండ అంచున పోతాయి. వాచెట్‌లో దిగి తూర్పుగా నడిస్తే వస్తుంది. పట్టాల వెంట చూసే ఫొటోకి ఇదే మంచి చోటు. కింద బీచ్‌లో రాళ్లలో అమ్మోనైట్ శిలాజాలు కనిపిస్తాయి, రైలు కోసం చూసే ఖాళీలో పిల్లలకి పని. కానీ చరియ అడుగున కూర్చోనివ్వకండి. ఇక్కడి బండ మెత్తటిది, వాన లేకపోయినా పెచ్చులు ఊడిపడతాయి. కనీసం చరియ ఎత్తుకి సరిపడా దూరం ఉండాలి. పోటు పెరుగుతుంటే బీచ్‌లోకి దిగనే వద్దు.

వాచెట్ ఊరు ఎక్కువసేపు అడగదు. స్టేషన్ రేవు పక్కనే. ఒక ఫొటో, ఒక ఐస్‌క్రీమ్, రేవు గట్టు మీద కోల్‌రిడ్జ్ కవితలోని ముసలి నావికుడి విగ్రహం పక్కన పిల్లల ఫొటో. తర్వాతి రైలు.

అసలు సమయం బ్లూ ఏంకర్‌కి ఇవ్వండి. స్టేషన్ దాటి రోడ్డు, రోడ్డు దాటితే బీచ్. ఇక్కడ లూప్ లైన్ ఉంది కాబట్టి ఎదురెదురు రైళ్లు దాటుకుంటాయి, ఒక్కోసారి రెండు డీజిళ్లు పక్కపక్కన నిలబడతాయి. సిగ్నల్ క్యాబిన్‌లోంచి చక్రం తిప్పితే గేట్లు పడతాయి, అది కూడా వీడియో తీయదగ్గదే. ఇక్కడినుంచి వాష్‌ఫర్డ్ వైపు వెళ్లే రైలుకి ఎక్కుడు మొదలవుతుంది, కొన్నిచోట్ల 65 అడుగులకి ఒక అడుగు చొప్పున. బరువైన రైలుతో బయల్దేరేటప్పుడు డ్రైవర్ పవర్ ఇస్తాడు, ఆ క్షణంలో ఇంజన్ నల్లటి పొగ వదులుతుంది. టర్బో వేగం అందుకునే లోపు ఇంధనం ఎక్కువై గాలి తక్కువవడం వల్ల వచ్చే పొగ అది. ఆల్కోలని చూసినవాళ్లకి కొత్తేం కాదు. నాలుగైదు సెకన్లే ఉంటుంది. కాబట్టి గార్డు విజిల్ వినగానే కెమెరా కంటికి ఆనించి ఉండాలి, రైలు కదిలాక తీస్తే పొగ అయిపోతుంది. పొద్దున మొదటి రైలుకి వచ్చే తెల్ల పొగ వేరు, అది చల్లటి ఇంజన్లో కాలని డీజిల్.

చివర మైన్‌హెడ్. ఇంజన్ రైలుని వదిలి పక్క లైన్ మీంచి అవతలి చివరకి వెళ్లే పదీ పదిహేను నిమిషాలు దగ్గరి ఫొటోల సమయం. బఫర్లు (ఇంజన్ చివర తాకిడిని తట్టుకునే గుండ్రటి పలకలు), పోత పోసిన నంబరు పలకలు, డ్రైవర్ మెట్లు, పసుపు మొహం మీద ఎండిన పురుగులు. పిల్లల్ని ఇంజన్ పక్కన నిలబెట్టి తీసే ఫొటో కూడా ఇక్కడే, ప్లాట్‌ఫామ్ పసుపు గీతకి లోపల.

రైల్వే కంచె లోపలికి ఎక్కడా వెళ్లొద్దు. అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లు ఆరెంజ్ జాకెట్లతో పట్టాల పక్కన కనిపిస్తారు. వాళ్లని చూసి మీరు దిగకండి. డ్రైవర్ వైపు ఫ్లాష్ కొట్టొద్దు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి.

మెట్టు 6: సెట్టింగులు

హెరిటేజ్ లైన్ల మీద సాధారణ గరిష్ఠ వేగం గంటకి 25 మైళ్లు. సెకనుకి 11 మీటర్లు. ఎదురుగా, ఏటవాలుగా వచ్చే రైలుకి షట్టర్ వేగం 1/500 చాలు. పక్కనుంచి అడ్డంగా పోయే రైలుకి 1/1000. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8, ఐఎస్‌ఓ 200–400, మబ్బు పడితే 800. వెనక సముద్రం కూడా స్పష్టంగా రావాలంటే ఎఫ్/8.

పసుపు మొహం ఎండలో తేలిగ్గా తెల్లబారిపోతుంది. ఎక్స్‌పోజర్‌ని 0.3 నుంచి 0.7 దాకా తగ్గించండి. మెరిసే నీళ్లు ఫ్రేములో ఎక్కువుంటే దానికి తలకిందులు: కెమెరా నీళ్లని చూసి అంతా చీకటి చేస్తుంది, అప్పుడు 0.3 పెంచాలి. రైలు రాకముందే ఖాళీ పట్టాల మీద ఒకటి తీసి చూసుకుని, మాన్యువల్‌లో లాక్ చేయడం మేలు. లేకపోతే రైలు ఫ్రేములోకి వచ్చే కొద్దీ వెలుగు మారిపోతుంది.

ఫోకస్ కూడా అంతే. రైలు మొహం ఎక్కడికి వచ్చినప్పుడు తీయాలో ముందే ఒక స్లీపర్‌నో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, అక్కడ ఫోకస్ లాక్ చేయండి. ఆటో ఫోకస్ ఈ తీరంలో ముందున్న గడ్డిని పట్టుకోవడం మామూలే.

ఒక్క రైలు ప్యానింగ్‌కి, అంటే రైలుతో పాటు కెమెరా తిప్పుతూ తీయడానికి, కేటాయించండి: 1/40 లేదా 1/60, పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ, రైలు దాటాక కూడా తిప్పుతూనే ఉండాలి. పదిలో ఒకటి వస్తే గొప్ప. పిల్లలకి ఇదే ఎక్కువ నచ్చుతుంది, వాళ్లకి చెడిపోయిన ఫొటోల బాధ లేదు కదా.

ఫోన్లో అయితే గ్రిడ్ గీతలు పెట్టండి, ముందు ఆ పని. సముద్రపు గీత ఒక్క డిగ్రీ వంగినా నీళ్లన్నీ పక్కకి కారిపోతున్నట్టుంటుంది. డిజిటల్ జూమ్ వద్దు, ఫోనుకి సొంత 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు ఉంటే అది వాడండి. పోర్ట్రెయిట్ మోడ్ బఫర్లని నరికేస్తుంది. కదిలే రైలుకి హెచ్‌డీఆర్ ఆపండి, నంబర్లు రెండుగా కనిపిస్తాయి. తెర మీద పట్టాల గుర్తు చోటున వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. తర్వాత బర్స్ట్‌లో, అంటే ఆపకుండా వరసగా, పది పన్నెండు. వీడియో తీసేవాళ్లు మైకు రంధ్రం దగ్గర దూది ముక్కో స్పాంజి ముక్కో టేపుతో అంటించండి. లేకపోతే గాలి హోరు తప్ప ఇంజన్ వినిపించదు.

మెట్టు 7: ఏవి చెడతాయి, ఎందుకు

ప్రకటించిన ఇంజన్ రాకపోవచ్చు. యాభై అరవై ఏళ్ల యంత్రాలు, కూలెంట్ కారడం, ఎయిర్ కంప్రెసర్ పోవడం మామూలు. బదులు వచ్చిన ఇంజన్ని తిట్టుకోకండి. సింగిల్ లైన్ కావడం వల్ల ఒక రైలు పది నిమిషాలు ఆలస్యమైతే ఎదురు రైలు క్రోకూమ్ హీత్‌ఫీల్డ్, విలిటన్, బ్లూ ఏంకర్ లూపుల్లో ఒకచోట ఆగిపోతుంది. మధ్యాహ్నానికి ఆలస్యం అన్నిటికీ పాకుతుంది. మీ ప్లాన్‌లో ప్రతి మార్పుకీ 20 నిమిషాల ఖాళీ ఉండాలి. చివరి రైలుకి మాత్రం కచ్చితంగా అరగంట ముందు ప్లాట్‌ఫామ్ మీద ఉండండి. కారు అవతలి చివర ఉందని మర్చిపోవద్దు.

జూన్ మిట్టమధ్యాహ్నం సూర్యుడు 62 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పెట్టెల కిందిభాగం, చక్రాలు నల్లటి ముద్దగా పడతాయి. అష్టమి పోటు సరిగ్గా ఆ సమయానికే వస్తుంది కాబట్టి రెండూ దొరకవు, రాజీ పడాల్సిందే. ఆ వేళ రైలుని చిన్నగా, సముద్రాన్ని పెద్దగా పెట్టి వెడల్పు ఫొటోలు తీయండి. దగ్గరి ఫొటోలు నాలుగు దాటాక. పల్చటి మబ్బు పడితే ఇంత బాధ ఉండదు. నల్లటి నీడలు మెత్తబడతాయి, కిందిభాగం కూడా కనిపిస్తుంది.

టెలి లెన్సుతో దూరంనుంచి తీసిన రైలు నీళ్లలో మునిగినట్టు వణుకుతుంటే అది ఎండకి వేడెక్కిన పట్టాల గాలి, ఎగ్జాస్ట్ వేడి. ఏ లెన్సూ దాన్ని సరిచేయదు. దగ్గరికి రానివ్వండి. ఫొటోలన్నీ మధ్యాహ్నం నుంచి మసగ్గా వస్తుంటే లెన్సు మీద ఉప్పు పొర పట్టింది. ఊదితే పోదు, తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి.

బురద గురించి చివరిగా. పాటు సమయంలో దూరంగా మెరుస్తున్న నీటి అంచు వైపు పిల్లలు పరిగెడతారు. పైకి ఇసుకలా కనిపించే చోట మోకాలి లోతు బురద ఉంటుంది, తిరిగొచ్చే పోటు మనిషి నడక కంటే వేగంగా వస్తుంది. గులకరాళ్లు ఉన్నంతవరకే ఆటలు, దాటితే పిలిచేయండి. ఎవరైనా కూరుకుపోతే లాగబోయి మీరూ దిగకుండా 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి.

మెట్టు 8: ఇంటికొచ్చాక, అదే రాత్రి

తెల్లారేసరికి ఏ ఫొటో ఎక్కడిదో మర్చిపోతారు. పిల్లల నోటుబుక్కు ఇప్పుడు పనికొస్తుంది. ఫైలు పేర్లు తేదీ, ఇంజన్ నంబరు, చోటు అన్న వరసలో పెట్టండి: 0614-డి7018-బ్లూఏంకర్ లాగా. ఏడాది తర్వాత వెతకడం తేలిక. ఒక్కో రైలుకి బర్స్ట్‌లో ఒకటే ఉంచి మిగతావి తీసేయండి. వంగిన సముద్రపు గీతల్ని సరిచేసేటప్పుడు ఫ్రేము అంచులు కొంచెం పోతాయి. తీసేటప్పుడే చుట్టూ పదో వంతు ఖాళీ వదిలి ఉంటే ఇంజన్ బఫర్లు తెగవు.

పోటు పట్టిక తీసి ఆ రోజు అచ్చంగా నీళ్లు నిండిన సమయాన్ని పంచాంగం పక్కన రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది గాలా తేదీలు ప్రకటించగానే ముందు తిరగేయాల్సిన పేజీ అదే.